ఏడుకి అడ్డగీత

గుంటూరు కలెక్టరాఫీసు గోడవతల, రేకుల కింద
నాది మూడో బల్ల.
ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, కరెంటు పోతే ఒక విసనకర్ర.
పుట్టిన తేదీలు, పట్టాదారు పేర్లు, ఆగిన పింఛన్లు,
జిల్లాలో తప్పు పడ్డవన్నీ నా వేళ్ళ మీదుగానే
ఇంగ్లీషులోకి దాటుతాయి.

ఆయనొచ్చి బల్లకెదురుగా నిలబడతాడు.
కూర్చోమంటే
కూర్చుంటే లేవడం ఆలస్యమమ్మా అంటాడు.
పరిశపోగు దేవసహాయం, సాపర్, రిటైర్డ్.
రికార్డులో మాత్రం దేవ్ సహాయ్.
"బీహారోణ్ణి చేశారు నన్ను. పోనీలే, అదీ మన దేశమేగా.
పేరు సంగతి వదిలెయ్. తేదీ కొట్టు."

డెబ్బయ్యొకటి, డిసెంబరు.
ఆస్పత్రిలో చేర్చింది పదిహేడున.
చీటీ రాసిన డాక్టరు చెయ్యి చలికి కొంకర్లు పోయిందో,
చీటీ చూసి ఎక్కించిన గుమాస్తాకి దీపం చాల్లేదో,
ఏడు తల వంపు పోయి
ఒకటిలా నిటారుగా నిలబడింది.
పదకొండు.
అంటే పదహారు రాత్రి మందుపాతర్ల పొలంలో
ఈయన లేడు.
అరవై గజాలు బోర్లా పాకుతూ తెల్ల టేపు పరిచింది
ఇంకెవరో. లేదా ఎవరూ కాదు.
టాంకులు ఆ దారిన వాటంతటవే వెళ్ళాయి.
పతకానికి మేజరు రాసిన సిఫారసు
"సదరు తేదీన ఆస్పత్రిలో ఉన్నాడు" అన్న ఒక్క ముక్కతో
వెనక్కొచ్చింది.

"ఇది ఎన్నో అర్జీ అండీ?"
"పదకొండోది. పదిహేడోదని కొట్టినా ఫర్లేదు,
వాళ్ళ లెక్కలో రెండూ ఒకటేగా."
నవ్వితే పై పలువరస కదులుతుంది.

నేను కొడుతూనే ఉన్నాను.
ఇంగ్లీషులో ఈ మాటలకి ఒళ్ళుండదు.
ఆయన తెలుగులో చెబుతూనే ఉన్నాడు.
పక్కన తంకప్పన్ అని ఒకడు, కేరళవాడు,
నడుం కింద ఏమీ మిగల్లేదు.
సీసా ఎత్తి నోట్లో నీళ్ళు పోస్తుంటే
"మది, మది" అన్నాడు.
మన మదే అనుకున్నా.
మనసులోదేదో చెప్పుకుంటున్నాడని
చెవి దగ్గరగా పెట్టి ఇంకా పోశాను. పొలమారింది.
ముప్ఫయ్యేళ్ళకి, మన పెద్దాసుపత్రిలో
నా కాలికి కట్టు మారుస్తూ ఒక మలయాళం నర్సమ్మ చెప్పింది,
చాలు అని దానర్థమట.
చాలన్నవాడికి పోశానమ్మా.

నా వేళ్ళు ఆగాయి.
"ఇది రాయనా?"
"వద్దు. అది పతకానికి పనికొచ్చేది కాదు.
కానీ నేనక్కడ లేనంటే
ఆ నీళ్ళెవరు పోసినట్టు?"

పటాలం వదిలాక మిర్చియార్డులో, కాటా దగ్గర
ఇరవై రెండేళ్ళు చీటీలు రాశాడట.
ఘాటుకి కళ్ళు తెరవలేని ఏప్రిల్ నెలల్లోనూ
ఏ రైతుకీ కిలో తేడా రానివ్వలేదట.
తన ఏడుని ఒకటని చదివే మొనగాడు పుట్టలేదని
ఆ ఒక్కచోటే గొంతు పెంచాడు.

కాగితం వేడిగా బయటికొచ్చింది.
చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని
అంకెలు మాత్రమే చదివాడు.
జేబులోంచి పెన్ను తీసి, నా బల్ల మీదే పరిచి
ప్రతి ఏడుకీ నడుం మీద ఒక అడ్డగీత.
తేదీలో ఏడుకి, సంవత్సరంలో ఏడుకి,
ఆఖరికి పిన్‌కోడు చివరున్న ఏడుకి కూడా.

"ప్రింటు మీద పెన్ను గీతలుంటే తీసుకోరండీ.
ఇటివ్వండి, ఇంకోటి తీస్తాను."
"తీసుకోకపోతే తిప్పి పంపుతారు.
పంపితే మళ్ళీ వస్తా. నీ బేరం నీకుంటుంది."

ముప్ఫై రూపాయలు లెక్కపెట్టి
ఎగిరిపోకుండా స్టాంపు ప్యాడు కింద పెట్టాడు.
కవరు చొక్కాలోకి దోపుకుని
హెడ్ పోస్టాఫీసు వైపు వెళ్ళాడు,
ఎండకి మెత్తబడ్డ తారు రోడ్డు మీద
ఎడమకాలు ముందు తాకించి చూసి,
ఆ తర్వాతే బరువు వేస్తూ.